నాడి మీద పెరిగిన కిరీటం

ప్లాస్టర్ తలబొమ్మ మీద ఈసారి కూడా బూడిదే మిగిలింది.

కొమ్మోజు భావనాచారి పట్టకారుతో వెండితీగల అల్లికను పైకెత్తి కిటికీ దగ్గరికి తీసుకెళ్లాడు. బంగారం పట్టాల్సిన తీగల పొడవునా నల్లటి నుసి అంటుకుని ఉంది. ఊదితే ఎగిరిపోయింది. బయట గాలి ఒక తీరున లేదు. ప్రయోగశాల మీది రేకులు ఉండి ఉండి దడదడమంటున్నాయి.

“పసరు చచ్చిపోయిందా డాక్టరమ్మగారూ?”

“చావలేదు. బతికే ఉంది, పని మాత్రం చేయడం లేదు,” అంది కుముద. ఆమె కళ్ల కింద నీలి చారలు తేలాయి. “వేడి సరిపెట్టాను, ఉప్పు సరిపెట్టాను. ఇంకేం తక్కువైందో అంతుపట్టడం లేదు.”

పైడిదీవిలో రాజు పోతే ఆయన కిరీటాన్ని ఆయనతోపాటే సముద్రానికి అప్పగిస్తారు. తర్వాత వచ్చేవారికి కొత్త కిరీటం చేస్తారు. దానిలోని బంగారం దీవిదే అయి ఉండాలి, బయటి నుంచి రాకూడదు. పూర్వం వాగుల్లో ఇసుక కడిగితే రవ్వలు దొరికేవి. సముద్రం పొంగి దీవి సగానికి కుదించుకుపోయాక ఆ వాగులన్నీ ఉప్పునీటి కిందికి వెళ్లిపోయాయి.

ఈ ఏడు ముసలిరాజు పోయాడు. ఆయనకు పిల్లలు లేరు. తుపానులో తల్లినీ తండ్రినీ పోగొట్టుకున్న ఒక పసిపిల్లను తెచ్చి పెంచుకున్నాడు. ఆమే మేదినీదేవి. పడమటిరేవు పెద్దలకు ఆమె గద్దె ఎక్కడం ఇష్టం లేదు. రాజరక్తం కాదన్నారు. నెలల తరబడి వాదులాటలయ్యాక ఒక మాటకు దిగారు. “ఇన్ని కిరీటాలు సముద్రానికి ఇచ్చాం. ఆమె పేరున సముద్రం బంగారం తిరిగిస్తే మేం లేచి దండం పెడతాం. ఇవ్వకపోతే మా రేవు మాది, మా జెండా మాది.”

అందుకే కుముదను పిలిచారు. అవతలి ఒడ్డు నుంచి వచ్చి, దీవిలో ఏళ్లుగా సముద్రపు నీటిని పరిశోధిస్తున్న మనిషి. ఆ నీటిలో కంటికి ఆననంత బంగారం కరిగి ఉంటుంది. దాన్ని పట్టి పోగుచేసే సూక్ష్మజీవులను ఆమె పెంచింది. గాజు తొట్లలో పచ్చగా, చిక్కగా ఉండే ఆ ద్రవాన్ని దీవిలో అందరూ ‘డాక్టరమ్మ పసరు’ అంటారు. భావనాచారి వెండితీగతో కిరీటం ఆకారం అల్లితే, దాని మీద పసరు పూసి సముద్రపు నీటి తుంపర కింద ఉంచితే, తీగ మీద బంగారం దానంతటదే పెరగాలి. కాగితం మీద అంతా సవ్యంగానే ఉంది.

కిరీటం బొమ్మ భావనాచారిదే. తాతల నాటి కిరీటాలకు గోపురాలు, చిలకలు ఉండేవి. ఆయన వాటి జోలికి పోలేదు. తల చుట్టూ చిన్న చిన్న కెరటాలు ఒకదాన్నొకటి తరుముకుంటూ వచ్చి, నుదుటి మీదికి చేరేసరికి ఒక్క పెద్ద కెరటమై లేస్తాయి. విరగబోయి ఆగినట్టు దాని అంచు ముందుకు వంగి ఉంటుంది. ఆ వంపు ఆయనకు ఎన్ని బొమ్మలు గీసినా కుదరలేదు. కుదిరిన రోజున అన్నం కూడా తినకుండా దాన్ని చూస్తూ కూర్చున్నాడు.

ఆ మధ్యాహ్నం కూతురు నూకరత్నం క్యారేజీ తెచ్చింది. ఇంట్లో అందరూ నూకాలు అంటారు. వాళ్ల ఊరు రేవుకోటలో ఆడపిల్లల పడవ జట్టుకు ముందు తెడ్డు ఆమెదే. భుజాలు మగపిల్లల భుజాల్లా గట్టిగా ఉంటాయి. ఒకచోట కుదురుగా నిలబడదు.

“ఇలగ చెయ్యి పెట్టు,” అన్నాడు భావనాచారి. పసరులో ముంచిన తీగ ముక్క ఒకటి మిగిలితే, వంపు ఎలా కూర్చుంటుందో చూడడానికి ఆమె మణికట్టుకు చుట్టాడు. చిన్నప్పటి నుంచి ఆమె చెయ్యే ఆయనకు కొలతబద్ద.

“పందెం పడవ దించుతున్నారు నాన్నా, నానెల్లాలి,” అంటూ ఆమె ఆ తీగతోనే పరుగెత్తింది.

మర్నాడు అదే వేళకు వచ్చింది. “ఇది అంటుకుపోనాది. ఊడట్లేదు.”

భావనాచారి చెయ్యి తిప్పి చూశాడు. మణికట్టు లోపలివైపు, నరం కొట్టుకునే చోట, తీగ మీద పచ్చగా మెరుస్తోంది. గోటితో మెల్లగా లేపి తీసి గీటురాయి మీద గీశాడు. మేలిమి బంగారపు గీత పడింది. రాయి కుముద చేతికిచ్చాడు.

కుముద రాయి వైపు చూడలేదు. నూకాలు మణికట్టు మీద వేళ్లు ఆనించి కళ్లు మూసుకుంది. “నాడి,” అంది.

ఆ వారమంతా ఆమె రబ్బరు గొట్టాల్లో గోరువెచ్చని ఉప్పునీరు పంపుతో కొట్టించి, గుండెలా కొట్టుకునేటట్టు చేసి, వాటి మీద తీగలు చుట్టింది. అన్నిటి మీదా బూడిదే. తన మెడకు చుట్టుకున్న తీగ మీద మాత్రం బంగారం పట్టింది.

“యంత్రం కదలికను అది నమ్మడం లేదు ఆచారిగారూ. బతికున్న మనిషి కావాలి.”

“అంటే కిరీటం ఒకరి తల మీద పెరగాలన్నమాట.”

“అవును.”

యువరాణి తల మీద ప్రయోగాలు కుదరవని మంత్రులు తేల్చేశారు. రేవుకోటలో ఎవరిని అడగాలా అని కుముద, భావనాచారి మాట్లాడుకుంటుంటే, గుమ్మంలో ఒంటికాలి మీద నిలబడి చెప్పులో ఇసుక దులుపుకుంటున్న నూకాలు అంది, “నాది కొలవండి మరి.”

కొలిచారు. మేదినీదేవి తలకు సరిగ్గా సరిపోయింది. తీగ చర్మానికి ఆనాలంటే తల గొరగాలంది కుముద.

తల్లి సీతామాలక్ష్మి ఆ సాయంత్రం పొయ్యి వెలిగించలేదు. “తిరుపతి ఎల్లకుండానే గుండేటే నీకు? నీ తలేటి, వాళ్ల పసరేటి?”

“జుత్తే కదమ్మా. మల్లీ వస్తాది.”

“ఏవండీ, మీరైనా చెప్పరేటి?”

భావనాచారి తలెత్తలేదు. ఆయన చేతిలో కొత్త తీగ ఉంది. కూతురి తలకు తగ్గట్టు అప్పుడే వంచడం మొదలుపెట్టాడు.

*

మొదటి రోజుల్లో అందరికీ సంతోషమే. వెండి అల్లిక ఆమె తల మీద పొద్దున ఒకలా, సాయంత్రం మరోలా కనిపించేది. వెనక వైపు చిన్న కెరటాలు ముందు పసుపెక్కాయి, తర్వాత మందమయ్యాయి. ఏ కంసాలి సుత్తీ తాకని నునుపు. భావనాచారి భూతద్దం పట్టుకుని కూతురి వెనకే తిరిగేవాడు. ఆయన గీయని సన్నని గీతలు కూడా అందులో పుడుతున్నాయి. నీటి మీద గాలి తాకినప్పుడు పడే గీతల్లాంటివి.

నూకాలు తెడ్డు వేసినప్పుడు, పరుగెత్తినప్పుడు, గుండె వేగంగా కొట్టుకున్నప్పుడు బంగారం బాగా పడుతోందని కుముద గమనించింది. నిద్రపోయినప్పుడు పల్చబడుతోంది. కొన్నాళ్లకు నూకాలుకు నిద్ర తగ్గిపోయింది. పసరే ఏదో చర్మంలోకి వదిలి గుండెను తొందరపెడుతోందని కుముదకు అనుమానం వచ్చింది. రోజూ రక్తం తీసి చూసేది. ఇనుము తగ్గుతోంది, నాడి పెరుగుతోంది.

సీతామాలక్ష్మి మునగాకు వండింది, నువ్వులుండలు చేసింది. నూకాలు నిలబడే తినేది. రెండు ముద్దలు తిని వీధిలోకి వెళ్లేది, మళ్లీ వచ్చి ఇంకో ముద్ద తినేది. మాట మొదలుపెట్టి పూర్తిచేసేది కాదు. ఇసుక మీద ఈ కొస నుంచి ఆ కొసకు నడిచేది. ఆమెను చూడడానికి జనం రేవులో గుమిగూడేవారు. ముసలమ్మలు దూరం నుంచే చేతులు జోడించేవారు.

“ఎలగుందే నీకు?” అని తల్లి అడిగింది ఒకనాడు.

“పందెం మొదలవ్వబోతాది చూడు, తెడ్లెత్తి పట్టుకుంటాం, ఈల ఇంకా వెయ్యరు... అలగుంది. ఎప్పుడూ అలగే ఉంది.”

“బాగుందా, బాగోలేదా?”

నూకాలు ఆలోచించింది. “తెలవట్లేదమ్మా,” అని మళ్లీ నడక మొదలుపెట్టింది.

కుముద ఒక ఉదయం భావనాచారిని పక్కకు పిలిచింది. “ఇప్పుడు తీసేద్దాం. మొదటి తీగలా ఊడివస్తుంది. వెనక భాగం, పక్కలు పూర్తయ్యాయి. ముందు భాగం మీరు మామూలుగా వెండితో చేసి అతకండి.”

భావనాచారి కూతురి నుదుటి వైపు చూశాడు. పెద్ద కెరటం అప్పుడే అడుగు నుంచి లేస్తోంది. పై అంచు ఇంకా ఉత్త తీగే. అతుకు పెడితే అందరికీ కనిపిస్తుంది. పడమటిరేవువాళ్లు సముద్రం సగమే ఇచ్చిందంటారు. అంతకన్నా ముఖ్యం, ఆ వంపు ఎలా వస్తుందో ఆయనకు చూడాలని ఉంది.

“ఇంకొన్నాళ్లు చూద్దాం డాక్టరమ్మగారూ. అది కాస్తా లేవనీండి.”

“నూకాలును కూడా అడుగుతాను.”

అడిగింది. నూకాలు తల అడ్డంగా ఊపింది. “మద్దెలో తీసేస్తే మరెందుకు మోసినట్టు?”

ఇద్దరూ వద్దన్నాక కుముద పట్టుబట్టలేదు. ఆమెకూ అది పూర్తవడం చూడాలనే ఉంది. తన మెడకు చుట్టుకున్న తీగను ఆమె కూడా తీయలేదు.

*

పట్టాభిషేకం వారంలోకి వచ్చింది. వీధులకు తోరణాలు కడుతున్నారు. ఉదయం పూట, అరుగు మీద బియ్యం చెరుగుతున్న తల్లి పక్కనుంచి నడిచి వెళ్తూ నూకాలు ఒరిగిపోయింది. చాటలో బియ్యం చెల్లాచెదురయ్యాయి. సీతామాలక్ష్మి కేక విని పక్కింటివాళ్లు వచ్చి మంచం మీద పడుకోబెట్టారు.

కుముద పరుగున వచ్చింది. కిరీటం అంచును వేలితో కొంచెం పైకెత్తబోయింది. అది లేవలేదు. భూతద్దం పెట్టి చూసింది. వెంట్రుక కన్నా సన్నని బంగారు పోగులు కిరీటం అంచు నుంచి చర్మంలోకి దిగి ఉన్నాయి. కణతల దగ్గర రక్తనాళాలను అల్లుకున్నాయి.

కుముద తన మెడ తడుముకుంది. జేబులోంచి చిన్న కత్తెర తీసి, అందరూ చూస్తుండగానే మెడకున్న తీగ అడుగున కత్తిరించింది. నెత్తురు చుక్కలు రాలాయి. తీసిన తీగను అరచేతిలో పెట్టుకుని చూస్తూ కూర్చుంది. పచ్చటి బంగారం మెల్లగా మసకబారి, కాటుకలా నల్లబడి, వేలితో తాకితే పొడి అయింది.

“లేతగా ఉన్నప్పుడు తీస్తే బంగారం నిలిచేది,” అంది. “ముదిరాక మనిషికీ దానికీ మధ్య తెంచితే అది చచ్చిపోతుంది. చస్తూ బంగారాన్ని కూడా చంపేస్తుంది.”

“తియ్యకపోతే?” అంది సీతామాలక్ష్మి.

కుముద నూకాలు మణికట్టు పట్టి చూసి చెప్పింది. “గుండె ఈ పరుగు ఎన్నాళ్లో తట్టుకోలేదు.”

నూకాలు కళ్లు తెరిచింది. “వారమే కదా. మోస్తాను. సభలో తీయండి.”

“నువ్వు నోరుముయ్యే,” అంది తల్లి. ఏడుస్తూనే ఆమె పాదాలు రుద్దుతోంది. భావనాచారి మంచం పట్టె పట్టుకుని నిలబడ్డాడు. కెరటం పూర్తయింది. అంచు ఆయన గీసిన దానికన్నా కొంచెం ఎక్కువగా, ఇప్పుడే విరిగిపడేటట్టు వంగి ఉంది. ఆ స్థితిలో కూడా కళ్లు అటే పోయినందుకు ఆయనకు తన మీద తనకే రోత పుట్టింది.

కోటకు కబురు పంపారు. మధ్యాహ్నానికి మేదినీదేవే వచ్చింది. నేత చీర కట్టుకుంది, వెంట ఒక్క మనిషే ఉన్నాడు. కొంగు తల మీద నుంచి తీసింది. తల నున్నగా గొరిగి ఉంది.

“ఆ పోగులు కోసి నా తలకు అంటించవచ్చా?” అని కుముదను అడిగింది.

“వెంటనే అంటిస్తే పట్టుకోవచ్చు. ఒక్కొక్కటే కోయాలి, ఒక్కొక్కటే మార్చాలి. సాయంత్రం దాకా పడుతుంది. కానీ ఆ తర్వాత అది మీ తల మీద నుంచి దిగదు. ఈ అమ్మాయికి వచ్చిందే మీకూ వస్తుంది.”

“మందులతో కొన్నేళ్లు నెట్టుకురాలేరా?”

“తెలియదు. అబద్ధం చెప్పలేను.”

మేదినీదేవి నూకాలు పక్కన కూర్చుని ఆమె చేయి పట్టుకుంది. “పడమటిరేవు విడిపోతే మంచినీళ్ల గొడవతోనే మొదలవుతుంది. మా అమ్మానాన్న పోయిన తుపానులో ఒక రేవు పడవలు ఇంకో రేవుకు రాలేదు. నేను అది మళ్లీ చూడలేను. మొదలుపెట్టండి ఆచారిగారూ.”

బల్ల మంచానికి ఆనించి వేస్తే యువరాణి దాని మీద పడుకుంది. ఇద్దరి తలలూ పక్కపక్కన ఆనుకున్నాయి. భావనాచారి సన్నపనికి వాడే కత్తెర ఉడికించి తెచ్చాడు. కూతురి చర్మానికి ఆనించి మొదటి పోగు కోశాడు. కుముద ఆ కొసను యువరాణి కణతకు అంటించింది. యువరాణి పళ్లు బిగించింది. కాసేపటికి కొస ఆమె చర్మంలోకి దిగడం కనిపించింది.

రెండోది, మూడోది. తర్వాత కొన్ని. కిటికీ తలుపు గాలికి కొట్టుకుంటోంది. సీతామాలక్ష్మి లేచి దానికి గడియ పెట్టి వచ్చింది. గడియ మళ్లీ ఊడింది.

“ఆగండి,” అంది కుముద. ఆమె వేళ్లు నూకాలు మెడ మీద ఉన్నాయి. “నాడి తప్పుతోంది. ఒకటి కోసినకొద్దీ మిగతావి బిగుసుకుంటున్నాయి.”

“ఆపీమంటారా?” అన్నాడు భావనాచారి.

“ఆపినా బిగుసుకుంటాయి. అన్నీ ఒక్కసారే కోయాలి, లేదా...” మాట పూర్తిచేయలేదు. యువరాణి వైపు చూసింది.

మేదినీదేవి కదల్లేదు. ఆమె కళ్లు కిరీటం మీద ఉన్నాయి. ఆ ఇంట్లో అప్పుడు మాట చెప్పవలసింది ఆమే. మాట కోసం అందరూ చూశారు.

భావనాచారి చూడలేదు. కత్తెర పెద్దది అందుకుని కూతురి ఎడమ కణత నుంచి మొదలుపెట్టాడు. నుదురు, కుడి కణత, మెడ వెనక. పోగులు తెగుతుంటే తడి నూలు తెగినట్టు చప్పుడైంది. సీతామాలక్ష్మి వెనకే గుడ్డతో నెత్తురు అద్దుతోంది. చివరి పోగు తెగగానే కిరీటాన్ని రెండు చేతులతో ఎత్తి నేల మీద పెట్టేశాడు. కూతురి గుండెల మీద చెవి ఆనించాడు.

“ఉంది,” అన్నాడు. “ఉంది, ఉంది.”

కిరీటం వెనక నుంచి నల్లబడసాగింది. ఒక్కొక్క చిన్న కెరటమే ఆరిపోయి, నలుపు ముందుకు పాకింది. పెద్ద కెరటం అంచు చాలాసేపు మెరుస్తూనే ఉంది. తర్వాత అదీ రాలిపోయి వెండితీగ బయటపడింది. యువరాణి కణతకు పట్టిన పోగులు ఎండి ఊడిపడ్డాయి.

ఆమె లేచింది. కొంగు తల మీదికి లాక్కుంది. గుమ్మం దాటి వెళ్లిపోయింది.

*

ఆజ్ఞ లేకుండా కిరీటం కోసినందుకు పట్టుకుపోతారని ఆ సాయంత్రం నుంచి భావనాచారి భటుల కోసం ఎదురుచూశాడు. ఎవరి అడుగు వినపడినా లేచి గుమ్మంలోకి వచ్చేవాడు. ఎవరూ రాలేదు. కుముద పసరు తొట్లన్నీ ఖాళీ చేసి, మరిగించి, గోతిలో పోయించింది. తన ఏళ్ల పని ఆవిరవుతుంటే ముక్కుకు కొంగు అడ్డుపెట్టుకుని చివరిదాకా అక్కడే నిలబడిందని చూసినవాళ్లు చెప్పారు. రోజూ వచ్చి నూకాలు గుండె చూసి వెళ్లేది. బతుకుతుంది కానీ పందెం పడవ ఎక్కకూడదని చెప్పింది.

ఆ మాట విన్నాక నూకాలు తండ్రిని పిలిచింది. “డాక్టరమ్మ తియ్యమన్నప్పుడు నువ్వు తియ్యనేదు. నాను మోస్తానన్నప్పుడు తీసేసినావు. ఒక్కసారైనా నన్నడిగినావా నాన్నా?”

“లేదమ్మా,” అన్నాడు.

ఆమె గోడవైపు తిరిగింది. తర్వాత ఆయనతో మాట్లాడలేదు. నిద్ర మాత్రం ఇంకా రాలేదు. వేళ్లు దుప్పటి మీద తెడ్డు పట్టుకున్నట్టు కదులుతూనే ఉండేవి.

పట్టాభిషేకం రోజున భావనాచారి కోటకు వెళ్లలేదు. అరుగు మీద రేడియో పెట్టుకుని కూర్చున్నాడు. సీతామాలక్ష్మి గుమ్మానికి ఆనుకుంది. యువరాణి ఒట్టి తలతో సభలోకి వచ్చిందని, తల గొరిగి ఉందని చెప్పేటప్పుడు వ్యాఖ్యాత గొంతు తడబడింది. తర్వాత పడమటిరేవు పెద్ద గొంతు వినిపించింది.

“సముద్రం ఇచ్చిందా, లేదా? అది చెప్పండమ్మా.”

“ఇచ్చింది,” అంది మేదినీదేవి. “నా కళ్లతో చూశాను. అంత అందమైన కెరటం మీలో ఎవరూ చూసి ఉండరు. దాని కింద ఒక ఆడపిల్ల గుండె ఆగిపోతుంటే, తీసేయమని నేనే ఆజ్ఞ ఇచ్చాను. పనివాళ్ల తప్పు లేదు. ఆ కిరీటమే కావాలనుకునేవాళ్లు ఇంకొకరిని వెతుక్కోండి.”

భావనాచారి రేడియో దగ్గరికి జరిగాడు. సీతామాలక్ష్మి నెమ్మదిగా అంది, “ఆయమ్మ అలగన్నేదు కదండీ.”

“అన్లేదు.”

రేడియోలో కుర్చీలు జరిగిన చప్పుడు, ఎవరో గట్టిగా అరవడం, మరెవరో ఆగమనడం. పడమటిరేవువారిలో కొందరు బయటికి నడిచారు. కొందరు లేచి నిలబడి దండం పెట్టారు. ఆ ఏడు వాళ్ల రేవులో సగం పడవలకే రాణి జెండా ఎగిరింది. మిగతా సగంతో ఆమె చాలా ఏళ్లు తంటాలు పడింది.

ఇంతలో కోట మీది ఫిరంగులు పేలాయి. అరుగు అదిరింది. గూట్లో గిన్నెలు గలగలమన్నాయి. భార్యాభర్తలు ఒక్కసారే లోపలికి పరుగెత్తారు.

నూకాలు కదలడం లేదు. వేళ్లు దుప్పటి మీద ఊరుకున్నాయి. భావనాచారి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ముందు ఏమీ తెలియలేదు. సీతామాలక్ష్మి ఆయన భుజం పట్టుకుని మొహంలోకి చూస్తోంది. అప్పుడు తగిలింది. నింపాదిగా, ఒకటి కొట్టుకుని, తీరిగ్గా ఇంకొకటి. నిద్రపోతోంది. ఫిరంగులు మళ్లీ పేలినా లేవలేదు.

ఇద్దరూ మంచం పక్కనే నేల మీద కూర్చుండిపోయారు.

చాలాసేపటికి ఆమె కళ్లు తెరవకుండానే అడిగింది. “ఆవిడకి ఏ కిరీటం పెట్టినారు నాన్నా?”

“ఏదీ పెట్టలేదమ్మా.”

“ఒట్టి తలేనా?”

“ఒట్టి తలే.”

నూకాలు తన తల మీద చెయ్యి వేసుకుని, మానుతున్న గాయాల మీదుగా మెల్లగా రాసుకుంది. కిటికీలోంచి గాలి వస్తోంది.

“చల్లగుంటాది,” అని పక్కకు తిరిగి మళ్లీ నిద్రలోకి జారిపోయింది.